బీరువా విన్న పాట

ఆ సాయంత్రం సన్మానం. అందుకని సంగీతం మేడమ్‌కి ఉదయం నుంచే కాలు ఒకచోట నిలవడం లేదు. కాఫీ చల్లారిపోయింది, ఇస్త్రీపెట్టె వేడెక్కిపోయింది, రెండూ ఆమె చూసుకోలేదు. వంటింట్లో నిలబడి సభలో చెప్పాల్సిన నాలుగు మాటల్ని గోడకు చెప్పుకుంటోంది.

"గోడకి వినిపించింది చాలు, నాకు రొట్టెముక్క కాల్చి పెట్టు" అన్నాడు భర్త. ఆయనకు కూడలిలో కళ్లద్దాల షాపు ఉంది. పెళ్లాం పాట యాప్‌లో లక్షలసార్లు మోగిందని తెలిసిన దగ్గర్నుంచీ, కంటి పరీక్షకు వచ్చినవాళ్లకు గోడమీద అక్షరాల కంటే ముందు ఫోన్లో ఆ అంకె చూపించడం ఆయనకు అలవాటైపోయింది. "ఇది కనిపిస్తోందా? అయితే మీ చూపు బాగున్నట్టే" అనేవాడు.

ఆ అంకె వెనక కథ రెండేళ్ల నాటిది. విశ్వవిద్యాలయం ఒక పాటల యాప్ కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుంది. విద్యార్థులందరికీ ఆ యాప్ ఉచితం. ఊరికే వస్తే ఎవరు కాదంటారు? మేడమ్ ఇంకో అడుగు ముందుకు వేసి, తన విభాగంలో వినికిడి మార్కుల్ని ఆ యాప్‌కే అప్పగించేసింది. పూర్వం ఆమె పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, పెద్ద స్పీకర్లలో పాట పెట్టి, చటుక్కున ఆపి, "ఇప్పుడు గొంతు ఎక్కడ దిగింది? ఎందుకు దిగింది?" అని ఒక్కొక్కరినీ అడిగి మార్కులు వేసేది. అరిచి అరిచి సాయంత్రానికి ఆమె గొంతే దిగిపోయేది. ఇప్పుడు ఆ గదికి తాళం. పిల్లలు ఫోన్లో వింటారు, ఎవరెంతసేపు విన్నారో యాప్ చెబుతుంది, మేడమ్ అది చూసి మార్కులు వేస్తుంది. వినాల్సిన పాటల్లో ఆవిడ స్వయంగా పాడినవి కూడా ఉన్నాయి. వద్దనేవాళ్లెవరు? కావలసినంత హాయి, దానిమీద విభాగాధిపతి పదవి. అన్ని విభాగాల కంటే ఎక్కువ విన్నది సంగీతం పిల్లలేనని తేలింది కాబట్టి ఈ సన్మానం.

కూతురు టేబుల్ దగ్గర కూర్చుని రొట్టె కొరుకుతోంది. ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తుండేదని చిన్నప్పుడు దానికి పిట్ట అని పేరు పెట్టారు. పేరు మిగిలింది. తల్లి పాఠం చెప్పే తరగతిలోనే ఇప్పుడు ఆఖరి సంవత్సరం చదువుతోంది.

"పిట్టా, సాయంత్రం ముందు వరసలో కూర్చో. ఫొటోలు తీస్తారు."

"చూద్దాంలే."

"చూద్దాంలే ఏంటే? ఎవరింట్లోనో పెళ్లన్నట్టు మాట్లాడతావ్!"

పిట్ట కప్పు కడగడానికి లేచింది. మేడమ్ పట్టించుకోలేదు, ఆమెకు మెడలోకి ఏం వేసుకోవాలన్నదే దిగులు. అత్తగారి ముత్యాల దండ గుర్తొచ్చింది. ఆవిడ స్నానాల గదిలో ఉంది. అడిగితే ఎటూ ఇస్తుంది కదా అని నేరుగా ఆవిడ పడకగదిలోకి వెళ్లి బీరువా తీసింది.

లోపలి నుంచి వెచ్చటి గాలి మొహానికి కొట్టింది.

ఉన్ని దుప్పట్ల మీద, కలరా ఉండల మధ్య, ఫోన్లు. అన్నీ పాతవే. ఒకదాని అద్దం పగిలింది, ఇంకొకదానికి రబ్బరు బ్యాండు చుట్టారు. డజనుకు పైనే ఉంటాయి. అన్నిటి తోకలూ బీరువా వెనక నుంచి వచ్చిన ఒకే తీగకు తగులుకుని ఉన్నాయి. అన్నీ వెలుగుతున్నాయి, అన్నిట్లో యాప్ నడుస్తోంది. పాట కదులుతోంది గానీ చప్పుడు లేదు. ధ్వని సున్నాకు తగ్గించి ఉంది. ఇక తెరల మీద ఎవరి బొమ్మ? మేడమ్‌దే. నోరు బారెడు తెరిచి, కళ్లు మూసుకుని, చెయ్యెత్తి తన్మయంగా పాడుతున్న మేడమ్, ఒక్కో తెర మీద ఒక్కో మేడమ్, పాత దుప్పట్ల వాసనలో మూగగా నోళ్లు తెరుచుకుని పడి ఉన్నారు.

లక్షలసార్లు అంటే ఇదా? ఈ కలరా ఉండల వాసనకా తను ఇన్నాళ్లూ మురిసిపోయింది? ముట్టుకుంటే చేతికి ఏదో అంటుకుంటుందేమో అన్నంత రోత పుట్టింది.

"పిట్టా! ఇటురా!"

పిట్ట వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. వెనకే భర్త వచ్చాడు, చేతిలో సగం కొరికిన రొట్టె.

"ఏంటే ఇది?"

"ఫోన్లు."

"నాకు కళ్లున్నాయి. ఎవరివి?"

"మా క్లాసువాళ్లవి. పాతవి. ఎవరి అకౌంట్ వాళ్ల ఫోన్లో పెట్టి ఇచ్చారు. పగలూ రాత్రీ వాటిపాటికవి నడుస్తుంటాయి."

"నీ దగ్గరే ఎందుకు? ఊళ్లో ఇంకెవరికీ ఇల్లు లేదా?"

"మేడమ్ ఇంట్లో ఎవరు వెతుకుతారమ్మా?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. కంచే చేను మేసిందంటే వినడమే గానీ, ఆ కంచె తన సొంత ఇంటి గోడ అవుతుందని ఆమె అనుకోలేదు.

ఇంతలో అత్తగారు తల తుడుచుకుంటూ వచ్చింది. తెరిచి ఉన్న బీరువా చూసి గాభరా పడింది. "అయ్యో, తలుపు మూసెయ్యండి! వాటికి చలి తగిలితే ఛార్జింగు తొందరగా అయిపోతుందట. పొద్దున్నే లేచి నేనే కదూ ఏది ఆరిపోయిందో చూసి మళ్లీ తగిలించేది."

"మీరా అత్తయ్యా!"

"ఏం? పిల్లలకి చదువట. ఒక్కదానికీ నోరు లేదు పాపం, అల్లరి చెయ్యకుండా పడుంటాయి."

భర్తకు నవ్వు తన్నుకొచ్చింది. భార్య మొహం చూసి రొట్టెతో సహా మింగేశాడు.

"సిగ్గులేదూ? మా చేతుల్లో పెరిగి, పాట నేర్చుకుని, నువ్వు చెయ్యాల్సిన పనేనా ఇది? దొంగ మార్కులు!" అరిచింది మేడమ్.

"దొంగ మార్కులు వేసింది ఎవరమ్మా?" పిట్ట గొంతు పెరగలేదు, అదే మరీ బాధ. "ఏం విన్నావే అని ఒక్కసారైనా అడిగావా? క్లాసులో కాదు, ఇంట్లో? మొదట్లో నేను నిజంగానే విన్నా. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నువ్వు చెప్పిన పాటలన్నీ. ఒక పాటలో రెండోసారి ఎత్తుకున్నప్పుడు గొంతు మారింది, ఎందుకో అర్థంకాక నిన్నడగడానికి వచ్చా. నువ్వు ఫోన్ చూసుకుంటూ, 'నీ లెక్క మిగతావాళ్ల కంటే తక్కువుంది, పరువు తియ్యకు' అన్నావ్. ఆ రోజే మొదటి ఫోన్ బీరువాలో పెట్టా."

మేడమ్ బీరువా తలుపు దగ్గరికి వేసింది.

"ఇప్పుడు నాకు పాటంటేనే రోతమ్మా. నీ బొమ్మ తెరమీద కనబడితే తల తిప్పుకుంటా. ఈ ఏడు గట్టెక్కగానే నాన్న షాపులో కూర్చుంటా. అక్కడైతే కనబడుతోందా లేదా అని మనిషిని అడుగుతారు."

"నా షాపు సంగతి తర్వాత..." అంటూ ఏదో అనబోయి భర్త ఊరుకున్నాడు.

అత్తగారు మంచంమీద కూలబడింది. "అదా సంగతి! నాకు చెవుడొచ్చింది గాబోలు, అందుకే పిట్ట పాట వినపడట్లేదనుకున్నా. పాడితే కదూ వినపడడానికి" అంది. ఆ ముసలావిడ కళ్లలో నీళ్లు చూశాక మేడమ్ ముత్యాల దండ మాట మరచిపోయి బయటపడింది.

విశ్వవిద్యాలయానికి వెళ్లే దారి పొడుగునా తేలు కుట్టిన దొంగ బతుకే. చెబితే కూతురి ఏడాది పోతుంది. దాస్తే పాచిపట్టిన ఆ అంకెను మెడకు తగిలించుకుని వేదిక ఎక్కాలి. అద్దాల తలుపుల పరిపాలనా భవనంలోకి అడుగు పెట్టేసరికి, ఎదురుగా నిలువెత్తు పోస్టరు కనబడింది. బీరువాలో కనిపించిన అదే బొమ్మ, అదే తెరిచిన నోరు. చూడలేక పక్కనుంచి నడిచింది.

రిజిస్ట్రార్ గదిలో కంపెనీ తాలూకు కుర్రాడొకడు కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు. మేడమ్ కుర్చీలో కూర్చోకుండానే అంతా చెప్పేసింది. ఫోన్లు, బీరువా, కూతురు, ఏదీ దాచలేదు. చెప్పి, తిట్లకు సిద్ధపడి నిలబడింది.

రిజిస్ట్రార్ నవ్వాడు. "ఇంతేనా మేడమ్! నేను ఇంకేం కొంప మునిగిందో అనుకున్నా. అన్ని విభాగాల్లోనూ ఇదే వరస. హాస్టల్లో అయితే పరుపుల కింద పెడతారు. మాకు తెలుసు, వీళ్లకీ తెలుసు."

"తెలుసా?"

కుర్రాడు పెదవులు తుడుచుకున్నాడు. "పాట మోగిందా లేదా అన్నదే మాకు కావాలి మేడమ్. ఎవరు విన్నారన్నది మాకెందుకు? మీ పిల్లలు చక్కగా సహకరిస్తున్నారు. మీరు వేదిక మీద నవ్వితే చాలు."

బీరువా దగ్గర పుట్టిన రోత దీనిముందు ఎంత! అక్కడ కనీసం ఒక ముసలావిడ, మనవరాలి మీద ప్రేమతో తీగలు తగిలించింది. ఇక్కడ బిస్కెట్ పొడి రాలిన ఆ నవ్వుల్లో పాట లేదు, పిల్లలు లేరు, తను కూడా లేదు. అయినా వీళ్లను అనుకోవడం దేనికి? రెండేళ్లుగా తను చేసిందీ ఇదే. విన్నావా అని అడగకుండా మార్కులు వేసింది. చేతులు కడుక్కుంటే పోయే మురికి కాదిది.

"నా విభాగంలో వినికిడి మార్కులన్నీ కొట్టేయండి" అంది.

"ఏంటి మేడమ్, హాస్యమా? మీ అమ్మాయి మార్కులు కూడా పోతాయి. మళ్లీ పరీక్ష పెట్టాలి. పదవి కూడా..."

"మా అమ్మాయివే ముందు కొట్టేయండి. పరీక్ష నేను పెడతాను, ఆ గదిలోనే, స్పీకర్లు పెట్టి. పదవి ఎవరికి కావాలో వాళ్లకివ్వండి. సాయంత్రం నేను రావడం లేదు."

తాళం చెవి అడిగి తీసుకుంది. గది తలుపు తెరిస్తే దుమ్ము ముక్కుకెక్కింది. స్పీకర్ల మీద ఎవరో పాత కుర్చీలు బోర్లించారు. ఒక్కతే అన్నీ దించి, కిటికీలు తీసి, నేల తుడిచేసరికి మధ్యాహ్నం దాటింది.

ఇంటికి వెళ్లేసరికి పిట్ట మంచంమీద ఫోన్లన్నీ పరిచి ఎవరివి వాళ్లకిచ్చేందుకు సంచుల్లో సర్దుతోంది. నానమ్మ పక్కన కూర్చుని తీగల చిక్కు తీస్తోంది. తల్లిని చూసి ఇద్దరూ చేతులు ఆపారు.

"నీ మార్కులు పోయాయే" అంది మేడమ్.

పిట్ట మొహం పాలిపోయింది. "అన్నీనా?"

"అన్నీ. మీ అందరివీ. నా పదవి కూడా." నేలమీదే కూలబడింది, దుమ్ము బట్టలతోనే. "నన్ను చూస్తే నాకే ఏవగింపుగా ఉందే. పరాయివాళ్ల లక్షల చెవులకోసం పాకులాడి, ఇంట్లో ఉన్న పిట్ట నోరు నొక్కేశాను. నువ్వు షాపులోనే కూర్చుంటానంటే సరే, నేను అడ్డురాను. ఆ రోజు నువ్వేదో అడగడానికి వచ్చావు చూడు, రెండోసారి ఎత్తుకున్నప్పుడు గొంతెందుకు మారిందని. అది మాత్రం పాడి చూపించవే. వింటాను."

"ఇప్పుడా? గొంతు తుప్పు పట్టింది."

"పట్టనీ."

పిట్ట చేతిలోని సంచి పక్కన పెట్టింది. నానమ్మ మనవరాలి మోకాలి మీద చెయ్యేసింది. చివరికి పిట్ట మొదలుపెట్టింది, సన్నగా, భయంభయంగా, చీకట్లో మెట్లు దిగేవాళ్లలా తడుముకుంటూ. ఊపిరి చాలక ఒకచోట ఆగింది, మళ్లీ ఎత్తుకుంది. షాపు నుంచి భోజనానికి వచ్చిన తండ్రి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. మేడమ్ కళ్లు మూసుకోలేదు. కూతురి మెడలో నరం కదలడం, పెదవి వణకడం, అన్నీ చూస్తూ వింటూ ఉంది. బుగ్గల మీద కారుతున్నవి తుడుచుకోవాలని కూడా తోచలేదు.

పాట అయిపోయింది.

మేడమ్ ముక్కు చీది, గొంతు సవరించుకుంది. "రెండోసారి ఎత్తుకున్నప్పుడు నీ శ్రుతి కొంచెం జారిందే" అంది.

పిట్ట తల్లి మొహంలోకి చూసింది. ఏడుస్తూనే నవ్వింది.

"విన్నావన్నమాట."