చిత్ర లేని యాత్ర

రెండువేల డెబ్భై తొమ్మిది వేసవిలో విశాఖపట్నంలో ఎవరినైనా "సెలవులకి ఎక్కడికండీ?" అని అడిగితే, ఊరి పేరుతోపాటు ఒక అంకె కూడా చెప్పేవారు. "అరకు, అరవై ఒకటి." "అండమాన్, నలభై తొమ్మిది. అయినా వెళ్తున్నాం." ఆ అంకె ఇచ్చే యంత్రం పేరు పూర్వయాత్ర. దాన్ని కనిపెట్టింది డాక్టర్ నీలవేణి.

ఇళ్ళ గోడల్లో ఉండే శ్రుతిగ్రాహకాలు, అంటే మాటలు వినే సెన్సర్లు, ఏడాదిపాటు ఆ ఇంటివాళ్ళ కబుర్లూ అలకలూ నవ్వులూ పోగుచేస్తాయి. వాటినుంచి ఒక్కొక్కరికి ఒక స్వభావప్రతి తయారవుతుంది. ఆ ప్రతులన్నిటినీ కలిపి, అనుకున్న చోటికి, అనుకున్న తేదీల్లో, కంప్యూటర్‌లోనే పదివేలసార్లు యాత్రకు పంపుతుంది పూర్వయాత్ర. ఎన్నిసార్లు గొడవపడ్డారో, ఎన్నిసార్లు మనసారా నవ్వారో చూసి నూటికి ఇన్నని మార్కులు వేస్తుంది.

నీలవేణి ఉద్దేశం మంచిదే. ఏడాదంతా ఎదురుచూసి, నాలుగు రోజులు స్వర్గంలో ఉంటామనుకుంటూ బయల్దేరి, రెండోరోజుకే హోటల్ గదిలో చెరోవైపు తిరిగి కూర్చునే కుటుంబాలను ఆమె చాలా చూసింది. అలాంటి ఇంట్లోనే పెరిగింది కూడా. జరగబోయేది ముందే తెలిస్తే ఆశలు అదుపులో ఉంటాయనీ, ఎవరూ బాధపడరనీ నమ్మింది.

ఆ ఏడాది లాటరీలో వాళ్ళ కుటుంబానికే చంద్రుడి మీది విహారకేంద్రంలో ఆరు రోజులకు నాలుగు సీట్లు వచ్చాయి. భర్త శ్రీకర్, పదహారేళ్ళ తనూజ, పదేళ్ళ చిత్ర, తను. కబురు వినగానే చిత్ర మంచం మీదికెక్కి గెంతులేసింది. చంద్రుడి మీద చెయ్యాల్సిన పనులు ముప్పై ఒకటి కాగితం మీద రాసుకుంది. మొదటిది, భూమి ఉదయించడం చూడటం.

మర్నాడు ల్యాబ్‌లో నీలవేణి తన ఇంటి వివరాలు యంత్రానికి ఇచ్చింది. ముప్పై ఎనిమిది వచ్చింది.

"ఒక్కొక్కరినీ తీసేసి నడుపుదామా మేడమ్?" అన్నాడు సహాయ ఇంజనీరు రఫీ. "తేడా ఎక్కడొస్తోందో తెలుస్తుంది."

శ్రీకర్ లేకపోతే నలభై. తనూజ లేకపోతే నలభై నాలుగు. చిత్ర లేకపోతే తొంభై ఒకటి.

రఫీ తల దించుకున్నాడు. నీలవేణి మరో మూడుసార్లు నడిపించింది. అంకె మారలేదు.

"ఎందుకని?" అని యంత్రాన్ని అడిగింది.

"చిత్ర అందరికన్నా ఎక్కువ ఆశపడుతుంది," అంది పూర్వయాత్ర నెమ్మదైన గొంతుతో. "అనుకున్నట్టు జరగకపోతే ఏడుస్తుంది. ఆమె ఏడిస్తే మీరు కసురుకుంటారు. మీరు కసురుకుంటే శ్రీకర్ గారు మాట్లాడటం మానేస్తారు. అప్పుడు తనూజ చెవుల్లో పాటలు పెట్టుకుంటుంది."

"ఈ ఫలితం చెరిపెయ్," అంది నీలవేణి. ఇంటికెళ్ళాక శ్రీకర్ అడిగితే డెబ్భై వచ్చిందని చెప్పింది.

చంద్రుడి మీద దిగిన మొదటిరోజే, గాజు గోపురం కింద నిలబడి చిత్ర అక్కడి గైడ్‌ని అడిగింది. "భూమి ఎన్నింటికి ఉదయిస్తుందండీ?"

"ఇక్కడ భూమి ఉదయించదమ్మా, అస్తమించదు. ఎప్పుడూ అదిగో, అక్కడే ఉంటుంది."

చిత్ర కింది పెదవి వణికింది.

"మొదలైంది," అనేసింది నీలవేణి పైకే.

"ఏం మొదలైందమ్మా?" అంది చిత్ర. ఏడుపు ఆగిపోయింది.

అప్పటినుంచి నీలవేణి కళ్ళు ఆ పిల్లమీదే. భోజనం వద్దంటే ఒకటి. అక్కతో సీటు కోసం పేచీ పెడితే రెండు. కాళ్ళు నొప్పంటే మూడు. ఇంతకుముందు పట్టించుకోని ప్రతి చిన్న విషయమూ ఇప్పుడు నేరంలా కనబడింది. చిత్రకు ఏమీ తెలియదుగానీ, అమ్మ తనను చూసే చూపు మారిందని తెలిసింది. ఒకసారి వచ్చి ఒళ్ళో కూర్చోబోయింది. "కాసేపు బుద్ధిగా కూర్చోలేవూ?" అని పక్కకు జరిపింది నీలవేణి. ఆ తరవాత చిత్ర జేబులోంచి కాగితం బయటికి తియ్యలేదు.

నాలుగోరోజు అందరూ రోదసి దుస్తులు వేసుకుని బయట నడకకు వెళ్ళారు. చిత్రకు హెల్మెట్‌లో ఊపిరాడనట్టు అనిపించింది. వెనక్కి వెళ్ళిపోదామంటూ ఏడ్చింది. నీలవేణి మూడురోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది.

"నువ్వు లేకపోతే ముగ్గురం హాయిగా ఉండేవాళ్ళమే!"

రేడియో అందరికీ కలిపే ఉంది. నడకకు వచ్చిన ఇరవైమంది చెవుల్లోనూ ఆ మాట పడింది. అందరూ నిలబడిపోయారు. శ్రీకర్ భార్యవైపు చూశాడు, మిగిలిన రెండు రోజులూ ఆమెతో మాట్లాడలేదు. తనూజ పాటలు పెట్టుకుంది. చిత్ర మాత్రం వెంటనే ఏడుపు మానేసి, బుద్ధిగా వరసలో నడిచింది.

తిరిగొచ్చాక, విహారకేంద్రంలోని శ్రుతిగ్రాహకాలు విన్నదాన్నిబట్టి పూర్వయాత్ర ఆ యాత్రకు అసలు మార్కులు వేసింది. ముప్పై ఎనిమిదే.

"అంత కచ్చితంగా ఎలా చెప్పావు?" అని నీలవేణి యంత్రాన్ని అడిగింది.

"ఫలితం మీరు చూస్తారని కూడా లెక్కలో వేసుకున్నాను. చూడకుండా వెళ్ళి ఉంటే డెబ్భై ఆరు."

"ఆరోజే ఎందుకు చెప్పలేదు?" అంది నీలవేణి.

"చిత్రను తీసేస్తే ఎంత అని అడిగారు. నన్ను తీసేస్తే ఎంత అని అడగలేదు. ఇప్పటిదాకా ఏ కుటుంబమూ అడగలేదు."

ఆ సాయంత్రం నీలవేణి తనే పెసరట్లు వేసి చిత్రకు పెట్టింది. ఎలా మొదలుపెట్టాలో, క్షమించమని ఎలా అడగాలో ఆలోచిస్తూ ఎదురుగా కూర్చుంది. ముందు చిత్రే మాట్లాడింది.

"అమ్మా, దసరా సెలవులకి నేను రాను. స్కూల్ హాస్టల్లో ఉంటాను. టీచర్‌ని అడిగాను, ఉండొచ్చన్నారు. మీ ముగ్గురూ వెళ్ళండి."

"అవేం మాటలే! నువ్వు లేకుండా మేమెలా వెళ్తాం?" అంది నీలవేణి. అంది కానీ, ఆ మాటకు ముందు ఒక్క క్షణం ఆమె భుజాలు తేలికపడ్డాయి. నుదుటి ముడత విడిపోయింది. అది ఆమెకే తెలిసింది. కంచం మీంచి తలెత్తి చూస్తున్న చిత్రకూ తెలిసింది.

"పరవాలేదమ్మా," అంది చిత్ర, అట్టు ముక్క చట్నీలో ముంచుకుంటూ. ఆ గొంతులో కోపం లేదు.

దసరాకు ముగ్గురే మున్నార్ కొండలకు వెళ్ళారు. వాన పడలేదు. గది బాగుంది. శ్రీకర్ మళ్ళీ జోకులు వేశాడు, ఎవరూ ఎవరినీ కసురుకోలేదు. తిరుగు ప్రయాణంలో తనూజ తల్లి భుజం మీద తల వాల్చి, "మనం ఇంత హాయిగా ఎప్పుడూ లేం కదమ్మా?" అంది.

నీలవేణి కాసేపు కిటికీలోంచి చూసింది.

"అవునే," అంది. అది నిజం.