గొడుగు చోట మొలిచిన రెల్లు

ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. అక్షరాలు నాకు జుట్టు నెరిశాక వచ్చాయి. ఒక్కో వాక్యం పూర్తయ్యేసరికి పక్కనున్న కాఫీ చల్లారిపోతుంది. అయినా ఈ కథ చెప్పకుండా ఉండలేను.

ఆ ఉదయం మా ఎదురింటి మాస్టారి భార్య టేబుల్ తుడుస్తూ కూతురి కంప్యూటర్లోకి తొంగి చూసింది. తెరమీద చెరువు, దానిమీద ఎగురుతున్న తెల్లకొంగ. రిటైరయ్యాక మాస్టారికి పట్టిన పిట్టల పిచ్చిలో అదే మేలుబంతి. లైబ్రరీ హాల్లో ప్రదర్శనకు ఎంపికైంది. అందులో ఓ మూల తన పసుపు గొడుగు, దాని కింద తానూ పడ్డామని ఆవిడ వీధంతా చాటుకుంది.

"ఏదీ, నేనెక్కడే?"

ఫొటో స్టూడియోలో పనిచేసే కూతురు నీళ్లు నమిలింది. "నాన్నే తీసేయమన్నారమ్మా. ఆ పసుపు చూపంతా లాగేస్తోందట. పక్కనున్న రెల్లు కాపీ చేసి అక్కడ అతికించా."

"అంటే, నన్ను తుడిచేసి గడ్డి నాటారన్నమాట!"

"పిట్టల ఫొటోలో మనుషులెందుకోయ్?" అన్నాడు మాస్టారు పేపరు చాటునుంచి.

"అయితే ఫ్లాస్కు మొయ్యడానికీ, మీ చెప్పు బురదలో దిగబడితే లాగడానికీ ఆ రెల్లునే తీసుకెళ్లండి. నేనింక రాను."

"మంచిది. నీ తుమ్ముల గోల తప్పుతుంది."

రెల్లు నూగు తగిలితే చాలు, ఆవిడకు తుమ్ము ఆగదు. తుమ్మినప్పుడల్లా ఆయన "ఉష్!" అని కళ్లెర్రజేసేవాడు.

మర్నాడు ఒక్కడే వెళ్లి, మొహం వేలాడేసుకుని వచ్చాడు. కూతురు ఫొటోలు తెరిచి చూసింది.

"ఏంటి నాన్నా, అన్నీ పాస్‌పోర్టుకి నిలబడ్డట్టున్నాయి?"

"ఎంతసేపు కూర్చున్నా ఒక్కటీ రెక్క విప్పలేదమ్మా."

కూతురు దిద్దని పాత ఫొటోలన్నీ వరసగా తిప్పింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "పిట్ట లేచిన ప్రతిదాంట్లో ఈ గొడుగు చూడండి, ఎలా వంగిపోయిందో! అమ్మ తుమ్మితేనే అవి ఎగిరేది!"

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూశాడు. పిల్లిలా వంటింట్లోకి నడిచాడు.

"ఏమోయ్, రేపోసారి వచ్చి తుమ్మిపోరాదూ?"

"తుమ్మడానికి నేనూ, కనిపించడానికి రెల్లూనా?" ఆవిడ గిన్నె తోముతూనే ఉంది. "నేను పిట్టల కోసం వస్తున్నాననుకున్నారా? మీ పక్కన కూర్చోవచ్చని వస్తున్నా. ఆ కాస్త చోటూ చెరిపేశారు."

ఆయన గిర్రున వెనక్కి తిరిగి, "అమ్మాయ్, ఆ రెల్లు పీకెయ్!" అని కేకేశాడు.

ప్రదర్శనలో ఎవరో అడిగారు, "మూలన ఆ పసుపేంటి మాస్టారూ?"

"పిట్టని పట్టింది నేను. లేపింది ఆవిడ."

ఆవిడ పైటచెంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ పాత కర్టెన్ల దుమ్ముకో ఏమో, హాలు అదిరేలా తుమ్మింది. మాస్టారు ఈసారి ఉష్ అనలేదు. అలవాటుకొద్దీ చటుక్కున కెమెరా ఎత్తాడు.

ఎదురుగా పిట్ట లేదు. ఆవిడే ఉంది. ఆయన నొక్కేశాడు.

— అందరూ పిలిచే పేరు దొడ్డమ్మ. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు చెల్లెలి కూతురింట్లో, వీధివైపు గదిలో ఉంటున్నాను.