కురోతాని సిగ్నల్

"రేపు ఆ రైలు కురోతాని వంతెన దాటకపోతే, ముప్పై ఏళ్ల రైల్వే ప్రణాళిక కూడా దాంతోపాటే లోయలో పడుతుంది," అన్నాడు చీఫ్ ఒనోదెరా.

ఏజెంట్ కుజుమికి ఆ వంతెన బాగా తెలుసు. అతని అన్నయ్య షిగెరు నడుపుతున్న రైలు ఎదురొచ్చిన గూడ్సును గుద్దుకున్నది ఆ వంతెన దగ్గరే. ఆటోమేటిక్ బ్రేకుల సంగతి 'వచ్చే బడ్జెట్‌లో చూద్దాం' అంటుండగానే అన్నయ్య పోయాడు. కుజుమి కూడా అప్పటిదాకా డ్రైవరే. ఆ తర్వాత మళ్లీ ఇంజన్ ఎక్కలేదు.

"నిధుల కమిటీ మొత్తం ఆ రైల్లో వెళ్తోంది. ఆ లైన్ దుస్థితి కళ్లారా చూస్తే డబ్బిస్తారని మనవాళ్ల ఆశ. రైలు పేలిపోతే ఆ డబ్బు రోడ్లకు మళ్లుతుంది. పెట్రోలు అమ్ముకునేవాళ్లకు పండగే."

"పేల్చేది ఎవరు?"

"గ్రే హెరాన్ అనే విదేశీ ముఠా. నీది అన్నం డబ్బాలు అమ్మేవాడి వేషం. పిస్టల్ చేప ముక్కల కింద ఉంటుంది. చేప చల్లారకముందే పని చూసుకో."

మర్నాడు రైల్లో ముత్యాల హారం వేసుకున్న అందగత్తె అతన్ని ఆపింది. కమిటీ దుబాసీ రుయికో. ఇటు చీఫ్ దగ్గరా, అటు గ్రే హెరాన్ దగ్గరా జీతం తీసుకునే మనిషి.

"రేగు ఊరగాయ ఎర్రగా ఉందా?"

"ఈ ఏడు మరీ పులుపు, మేడం."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ఇంజన్ గదిలో ముగ్గురున్నారు. ఒకడు గ్రే హెరాన్ మనిషి. ఎవరో నాకూ చెప్పలేదు. బాంబు వంతెన మీద పేలుతుంది. నేనూ ఇదే రైల్లో ఉన్నానని వాళ్లకు గుర్తే లేదు, చూశారా! జీతాలిచ్చేవాళ్లకు ఇంత మతిమరుపా?"

డబ్బాలు ఇచ్చే మిషతో కుజుమి ఇంజన్ గదిలోకి వెళ్లాడు. డ్రైవర్, అసిస్టెంట్, ఫ్లాస్కు పట్టుకున్న ఇన్‌స్పెక్టర్. ముగ్గురికీ తెల్లటి గ్లౌజులు, సరైన బ్యాడ్జీలు. ఎవర్నని అనుమానించాలి?

సొరంగం దాటగానే మంచులో కురోతాని సిగ్నల్ కనిపించింది. కుజుమికి భయమేసింది. అన్నయ్య ఆఖరిసారి చూసిన సిగ్నల్ అదే.

"కురోతాని సిగ్నల్! లైన్ క్లియర్!"

సిగ్నల్‌ను వేలితో చూపించి గట్టిగా పలకడం రైలు నడిపేవాళ్ల అలవాటు. రిటైరైన తాతలు కూడా రోడ్డు దాటుతూ అలాగే అరిచి పెళ్లాల చేత తిట్లు తింటారు. డ్రైవర్ వేలు లేచింది. అసిస్టెంట్ వేలు లేచింది. తనకు తెలియకుండానే కుజుమి వేలూ లేచింది, నోరూ పలికింది.

లేవనిది ఇన్‌స్పెక్టర్ వేలొక్కటే.

కుజుమి, ఇన్‌స్పెక్టర్ ఒకర్నొకరు చూసుకున్నారు.

"అన్నం అమ్మేవాడికి సిగ్నల్‌తో ఏం పనిరా?"

"ఇన్‌స్పెక్టర్‌కి లేకపోవడమే విడ్డూరం."

పిస్టల్ తీసే వ్యవధి లేదు. కుజుమి డబ్బాల దొంతర వాడి ముఖాన కొట్టి, వాడు అప్పటిదాకా చేతిలోంచి దించని ఫ్లాస్కు లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. వంతెన కింద లోయ దద్దరిల్లింది. రైలు ఊగింది. కానీ ఆగలేదు.

అసిస్టెంట్ దొంగ ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టేశాడు. డ్రైవర్ వెనక్కి తిరిగి అడిగాడు.

"నేను, వీడు, నువ్వు... సిగ్నల్ పలికింది ముగ్గురమే కదయ్యా? నాకు నాలుగు గొంతులు వినిపించాయి."

కుజుమికీ వినిపించాయి. నాలుగో గొంతు ఎవరిదో అతనికి తెలుసు. కళ్లు తుడుచుకున్నాడు.

వారం తర్వాత చీఫ్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "ప్రణాళిక పాసైంది! ఆ చప్పుడు కొండ మీద పేరుకున్న మంచును పేల్చినదని కమిటీ నమ్మేసింది."

"కురోతాని బ్రేకులు, సార్?"

చీఫ్ చూపు తిప్పుకున్నాడు. "ఉన్నాయి... ఆఖరి విడతలో. ఇంకో పాతికేళ్లకి."

కుజుమి టోపీ పెట్టుకున్నాడు.

"అయితే అన్నయ్యకి అప్పటిదాకా సెలవు లేదన్నమాట."