గేజు తిరిగిన రాత్రి

మా వదిన పనిచేసే ఫ్యాక్టరీలో కొలతల గదికి చెడ్డ పేరుంది. ఏళ్ళ తరబడి అక్కడే పనిచేసిన పెద్దాయన ఒకాయన, కొలుస్తూ కొలుస్తూనే బల్ల మీదకి ఒరిగి ప్రాణం వదిలాడట. అప్పట్నుంచీ ఆ గదిలో రాత్రి డ్యూటీ అంటే అందరికీ ఎక్కడలేని జ్వరాలూ వచ్చేవి.

వదిన కొత్త. ఆవిడకెవరూ చెప్పలేదు. తీరా డ్యూటీ పడ్డాక, గేటు దగ్గర వాచ్‌మన్ చెవిలో వేశాడు.

ఆ రాత్రి లిఫ్టు బ్రేకుల్లో వాడే ఇనుప దిమ్మలు వచ్చాయి. వాటికి బోల్టులు బిగించే, లోపల మెలికల గాడులున్న మర రంధ్రాలుంటాయి. అవి ఉండాల్సిన చోటే ఉన్నాయని వదిన తేలిస్తే, తెల్లారేసరికి లారీ ఎక్కుతాయి.

ఆ మర గాడుల మీద నేరుగా కొలిస్తే లెక్క తప్పుతుంది. కొలిచే మెషీను సూది ఒకసారి గట్టు మీద ఆనుతుంది, ఒకసారి గాడిలో దిగుతుంది. అందుకే ముందు రంధ్రంలోకి బోల్టులాంటి కొలత కడ్డీ, గేజు అంటారు, ఒకటి బిగించి, పైకి కనపడే దాని నున్నటి ఒంటిని కొలుస్తారు.

వదిన బిగించింది. కొలిచింది. సరిగ్గా ఉంది.

ఎందుకైనా మంచిదని ఇంకోసారి కొలిచింది. ఈసారి... రంధ్రం పక్కకి జరిగింది!

గేజు పట్టుకు చూస్తే వదులుగా ఉంది. తనే సరిగా బిగించలేదేమో అనుకుని, వేళ్ళు నొప్పెట్టేదాకా బిగించి, మెషీను స్క్రీన్ వైపు తిరిగింది.

వెనకాల — కిర్ర్‌... మని సన్నగా చప్పుడు.

తిరిగి చూసింది. గేజు తిరుగుతోంది. ఎవరో రెండు వేళ్ళతో పట్టుకుని, నిదానంగా విప్పుతున్నట్టు...

వదిన వెంటనే అన్నయ్యకి ఫోన్ చేసింది. గదికి తాళం వేసి వచ్చెయ్యమన్నాడు.

“ఇవి లిఫ్టువండీ,” అంది గుసగుసగా. “మనుషులెక్కుతారు.”

ఫోన్ పెట్టేసి ఇంకో దిమ్మ తీసింది. గేజు బిగించింది — మళ్ళీ విప్పుకుంది. మరొకటి... అదీ అంతే. అప్పుడు తట్టింది వదినకి. మరలే వదులు! రేపు బోల్టూ ఇలాగే ఊడితే?

మొత్తం సరుక్కి, పనికిరాదని ఎర్ర చీటీలు కట్టేసింది. లారీ ఖాళీగా నిలబడిపోయింది.

పొద్దున్నే ఫోర్‌మన్ మండిపడుతూ వచ్చాడు. మంచి మరలో దిగకూడని గేజు ఒకటుంటుంది. దాన్ని పెట్టి చూశాడు. అడ్డే లేకుండా అడుగుదాకా దిగిపోయింది. గేజు బయటికి తీసి, ఇవి వెళ్ళుంటే ఎవరి ప్రాణం మీదకి వచ్చేదో అన్నాడు.

గేజు దానంతటదే తిరిగిన సంగతి వదిన అప్పుడు చెప్పింది. ఆయన నవ్వేశాడు.

“దెయ్యమూ లేదు, గియ్యమూ లేదమ్మా. గోడవతల ప్రెస్సు మెషీను అదురుకి వదులు మర ఊడదూ?”

వదినకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

చీటీలు చూడ్డానికి వచ్చిన ప్రెస్సు ఆపరేటరు, ఆ మాటకి తలెత్తాడు.

“ప్రెస్సా సార్?... మోటారు మొన్ననే విప్పేశాం కదా. ఇంకా బిగించనే లేదు.”

వదిన సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాటబోతూ ఆగి, కొలతల బల్ల దగ్గర పెద్దాయన ఖాళీ కుర్చీ వైపు తిరిగి, మెల్లగా అంది —

“వెళ్ళొస్తానండీ.”