రంగులద్దిన సిపాయి

"ఆదాం, నీకు టీవీ చూడటం వచ్చా?"

సర్దార్‌బీ గారు ఇలాంటి ప్రశ్నలు ఊరికే వేయరు. తాడేపల్లిలో ఒక చేనేత చీరల కొట్టు ఉంది. ముందు గదిలో చీరల బేరాలు, వెనక గదిలో దేశరక్షణ. ఆ వెనక గదికి ఆవిడ చీఫ్. రిటైర్మెంట్ దగ్గరపడుతున్న కొద్దీ ఆవిడ గొంతులో విసుగు పెరుగుతోందని ఆదాం గమనించాడు.

ఆదాం నడివయసు ఫీల్డ్ ఏజెంట్. గెలిచిన మిషన్లు చాలానే ఉన్నాయి. గెలిచాక లోకంలో ఏదైనా బాగుపడినట్టు మాత్రం అతనికి గుర్తులేదు.

ఆవిడ ట్యాబ్ ముందుకు తోసింది. తెరమీద సిపాయిలు అడవిలో నడుస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధం. పాత ఫిల్మ్ మీద గీతలన్నీ తుడిచేసి, రంగులు వేశారు. నిన్న తీసినట్టుంది.

"డాక్యుమెంటరీ సీరియల్. రోజూ మధ్యాహ్నం వస్తుంది. ప్రత్తిపాడు దగ్గర పల్లెలో వెంకాయమ్మ అనే ఆవిడ ఒక్క ఎపిసోడ్ వదలదు."

"శత్రువుల మనిషా?"

"ఎనభై దాటిన ముసలావిడయ్యా. తల్లి కడుపులో ఉండగానే తండ్రి యలమంద పట్టాళంలో చేరి బర్మా వెళ్ళాడు. తిరిగి రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. ఆ ఫిల్ముల్లో ఎక్కడన్నా కనపడతాడేమోనని కూర్చుంటుంది."

"పాపం."

"పాపం దగ్గర ఆగితే బాగుండేది. మనవడు సాయిగణేష్ ఎలక్ట్రీషియన్. ఊరిబయట మన కోల్డ్ స్టోరేజీలో పని."

ఆదాం నిటారుగా కూర్చున్నాడు. పైకి అది మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ. కింద అండర్‌గ్రౌండ్‌లో నేవీ సిగ్నల్ స్టేషన్. సముద్రం అడుగున తిరిగే మన సబ్‌మెరైన్లతో మాట్లాడేది అక్కడినుంచే. దాని వైరింగ్ ప్లాన్ బయటికి పోతే ఒక్క స్విచ్‌తో ఆ గొంతు నొక్కేయొచ్చు. నీళ్ళకింద ఉన్న మనుషులకి పైన ఏం జరుగుతోందో తెలిసే దారి ఉండదు.

"ప్లాన్ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాడు," అంది సర్దార్‌బీ. "కొనేది మెరిడియన్ అనే విదేశీ ముఠా. డబ్బుకైతే నేను ఇంత భయపడను. నాయనమ్మకి వాళ్ళ నాన్న ముఖం చూపిస్తామన్నారు, అంతే. ఇంట్లో గోడకున్న ఒకే ఒక్క ఫోటో తీసుకుని, కంప్యూటర్‌తో ఆ ముఖాన్ని యుద్ధం ఫిల్మ్‌లో అతికించారు. ఆవిడ గుర్తుపట్టి 'మా నాన్నే' అంటే వీడు ఫైలు పంపుతాడు. అదీ ఒప్పందం."

"ఇవన్నీ మనకెవరు చెప్పారండి?"

"భవ్య. ఛానెల్ రీసెర్చర్‌నని చెప్పి ఆ ఇంటికి వెళ్ళే మెరిడియన్ ఏజెంట్. ఈమధ్యే మనవైపు వచ్చింది."

"మనవైపే ఉందా?"

"అందుకేగా నిన్ను పంపేది."

కుర్రాణ్ణి ముందే అరెస్టు చేస్తే కుర్రాడొక్కడే దొరుకుతాడు, ముఠా మాయమవుతుంది. అందుకని ఒక నల్ల బాక్స్ ఇచ్చారు. చూడటానికి డిష్ సామానులా ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నంతసేపు ఆ ఇంట్లో ప్రతి ఫోనూ దానికే కనెక్ట్ అవుతుంది. అసలు ప్లాన్ అందులో ఆగిపోయి, తప్పుడు ప్లాన్ బయటికి పోతుంది. దాన్ని ఎవడు అందుకుంటాడో వాడే మెరిడియన్ బాస్.

"భవ్య నిన్ను 'తొడిమ తీసిన కాయ దొరుకుతుందా' అని అడుగుతుంది. 'తీస్తే రంగు దిగుతుంది' అను. డిష్ మెకానిక్ వేషం. వాళ్ళ కేబుల్ పొద్దున్నే మనవాళ్ళు కోసేశారు."

* * *

పల్లె పొలిమేర దగ్గరే మిర్చి ఘాటు ముక్కుకు తగిలింది. కల్లాల్లో కాయ ఎర్రగా ఆరబోసి ఉంది. ఆదాం నీలం చొక్కా, కంపెనీ టోపీ, భుజాన నిచ్చెనతో వాకిట్లోకి వచ్చాడు. టూల్ బ్యాగ్‌లో కేబుల్ చుట్టకింద పిస్టల్.

"వచ్చావా నాయనా!" అంది వెంకాయమ్మ. సన్నగా, వంగిపోయి ఉంది. కళ్ళద్దాలు మాత్రం తళతళా తుడిచి ఉన్నాయి. "పొద్దుటినుంచీ బొమ్మ రాలా. ఇవాళ్టిది తప్పిపోతే మళ్ళీ వెయ్యరంట. తొరగా చూడు."

ఆ ఆత్రం చూసి ఆదాంకి సిగ్గేసింది. కేబుల్ కోయించింది తన ఆఫీసే. బాక్స్ తీసుకెళ్ళి వరండాలో ప్లగ్గులో పెట్టాడు. పచ్చలైటు వెలిగింది.

లోపల భవ్య కుర్చీలో కాలుమీద కాలు వేసుకుని ఉంది. లేత బూడిదరంగు కాటన్ చీర, నల్ల కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుంది. ఆ మట్టిగోడల గదిలోకి వెలుతురంతా ఆమె కోసమే వచ్చినట్టుంది. ఆదాంని ఎగాదిగా చూసింది.

"మీ ఊళ్ళో తొడిమ తీసిన కాయ దొరుకుతుందా?"

"తీస్తే రంగు దిగుతుంది మేడమ్."

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎవరి జీతం మీద నవ్విందో ఆదాంకి తెలియలేదు.

గోడకి ఆ ఫోటో ఉంది. కోటు, టోపీ పెట్టుకున్న పాతికేళ్ళ మనిషి. ఎడమ కనుబొమ్మని రెండుగా చీల్చిన గాటు. అద్దం మీద పాత కుంకుమ మరక. దానికింద సాయిగణేష్ నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోన్. చెమటలు కారిపోతున్నాయి.

"నాయనమ్మా, డిష్ లేకపోయినా పర్లేదు," అన్నాడు. "ఈ మేడం గారు ఇంకా టీవీలో వెయ్యని ఎపిసోడ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. అందులో... ముత్తాత ఉన్నాడంట."

వెంకాయమ్మ చీర కొంగుతో అద్దాలు మళ్ళీ తుడుచుకుని టీవీ ముందు కూర్చుంది.

భవ్య పెన్‌డ్రైవ్ పెట్టింది. అడవి, వాన, బురద. సిపాయిలు వరసగా వస్తున్నారు. సరిగ్గా అప్పుడు ఫ్యాను ఆగిపోయింది.

కరెంటు పోయింది.

వరండాలో పచ్చలైటు ఆరిపోయింది. టీవీ మాత్రం నడుస్తూనే ఉంది! నాయనమ్మ ఒక్క బొమ్మ కూడా పోగొట్టుకోకూడదని సాయిగణేష్ ఇన్వర్టర్ పెట్టాడు. ఆ ఇన్వర్టర్ ఒక్క టీవీ ప్లగ్గుకే కలిపాడు. కోట్లు ఖర్చుపెట్టి లాబ్‌లో తయారుచేసిన బాక్స్ వరండాలో చచ్చిపడి ఉంది. ఇప్పుడు సాయిగణేష్ ఫోన్ నొక్కితే పోయేది అసలు ప్లానే.

ఆదాం భవ్య వైపు చూశాడు. ఆపు, అని కళ్ళతోనే అడిగాడు. ఆమె చచ్చిన పచ్చలైటు వైపు ఒకసారి చూసి, నల్ల కళ్ళజోడు కళ్ళమీదికి దించుకుంది. అతనికి అర్థమైంది. బాక్స్ పనిచేస్తే మనవైపు, ఆగిపోతే మెరిడియన్ వైపు. ఆమె నిజంగా ఎప్పుడూ మనవైపు రాలేదు.

టూల్ బ్యాగ్‌లో చెయ్యి పెట్టాడు. సాయిగణేష్ చూశాడు, దొడ్డి గుమ్మంలోకి వెనక్కి గెంతాడు.

"నువ్వు మెకానిక్‌వి కాదు! దగ్గరికొచ్చావంటే నొక్కేస్తా!"

"ఒరేయ్ గణేష్, అది పంపితే సముద్రంలో మనవాళ్ళు చస్తారు. వాళ్ళకీ ఇంట్లో ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు."

"మా ఇంట్లో ఎనభై ఏళ్ళబట్టీ ఎదురుచూస్తన్నారు. ఎవడన్నా వచ్చి అడిగాడా?"

ఆదాం చెయ్యి బ్యాగ్‌లో కేబుల్ చుట్టకింద పిస్టల్ కోసం వెతుకుతోంది.

తెరమీద ఒక సిపాయి వరసలోంచి తలతిప్పి నేరుగా కెమెరాలోకి చూశాడు. గోడమీద ముఖమే. అదే గాటు. వానచుక్కలు బుగ్గమీదుగా జారుతున్నాయి. అతను నవ్వాడు. బొమ్మ అక్కడ ఆగింది.

వెంకాయమ్మ లేచి వెళ్ళి తెరమీద చెయ్యి పెట్టింది.

"నాయనమ్మా, గుర్తుపట్టావా?" సాయిగణేష్ బొటనవేలు ఫోన్ మీదే ఉంది.

"గుర్తుపట్టకుండా ఎట్టా ఉంటానురా."

"నొక్కు," అంది భవ్య.

సాయిగణేష్ బొటనవేలు దిగుతోంది. ఆదాం పిస్టల్ ఇంకా బ్యాగ్‌లోంచి బయటికి రాలేదు.

"మా బాబాయి గదా," అంది వెంకాయమ్మ.

బొటనవేలు గాలిలో ఆగింది.

"బాబాయేంది? ఆ ఫోటో ముత్తాతది గదా?"

"ఆయనకి ఫోటో ఎక్కడిదిరా? ఒక్కటీ తీయించుకోలా, వెళ్ళిపోయాడు. నాన్న ఎట్టా ఉంటాడమ్మా అని చిన్నప్పుడు ఏడ్చి చంపేదాన్నంట. మా అమ్మ బసవమ్మ చూసిచూసి, మా బాబాయి మాలకొండయ్యని స్టూడియోకి తీసకపోయి, స్టూడియో వాడి కోటూ టోపీ తొడిగించి తీయించింది. ఇదిగోనే మీ నాన్న అంది. పోయేముందు నాకు చెప్పింది." ఆమె వేలు తెరమీద గాటు తడిమింది. "ఇది మా ఎర్రెద్దు కుమ్మింది. మా బాబాయి గుంటూరు దాటి ఎరగడు. బర్మా ఎట్టా పోయాడే అమ్మాయ్?"

భవ్య మొదటిసారి తడబడింది. "ముసలావిడకి మతి... నువ్వు ముందు నొక్కు!"

సాయిగణేష్ ఆమెనే చూశాడు. మోసపోయిన పిల్లాడి ముఖం. తర్వాత వెనక్కి తిరిగి, ఫోన్‌ని దొడ్లో కుడితి తొట్లోకి విసిరేశాడు. అది బుడగలు వదులుతూ మునిగిపోయింది.

భవ్య వీధి గుమ్మం దాకా పరిగెత్తేసరికి ఆదాం పిస్టల్ అక్కడుంది. ఆమె నింపాదిగా చేతులెత్తింది.

"మీకు దొరికింది నేనొక్కదాన్ని. పైవాళ్ళు నంబర్లు మార్చేసి ఉంటారు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో ముసలావిడకి ఇంకెవరి ముఖమో చూపిస్తారు."

ఆమె చెప్పింది నిజమేనని ఆదాంకి తెలుసు.

డిపార్ట్‌మెంట్ జీపు వచ్చేలోగా కరెంటు కూడా వచ్చింది. పచ్చలైటు చక్కగా వెలిగింది. దాన్ని తన్నాలనిపించింది అతనికి.

వెంకాయమ్మ తెరముందే కూర్చుంది.

"మామ్మగారూ," అన్నాడు ఆదాం మెల్లగా. "మీ నాన్న ముఖం మీకు తెలియదు గదా. మరి రోజూ ఎవరి కోసం చూస్తారు?"

"అందర్నీ చూస్తానయ్యా. వాళ్ళల్లో ఎవరో ఒకరు ఆయనే అయ్యుంటాడు. ఎవరో తెలియనప్పుడు ఒక్కణ్ణి గూడా వదలగూడదు గదా." తెరమీద ఆగిన ముఖం వైపు చూస్తూ అంది: "ఆయన్ని చూసినోళ్ళంతా పోయారు. కళ్ళెదురుగా వచ్చి నిలబడ్డా, నువ్వే మా నాన్నవని చెప్పేవాళ్ళు లేరు."

ఆదాంకి ఏడుపొచ్చింది. సర్వీసులో అలా రావడం అదే మొదలు.

సాయిగణేష్‌కి బేడీలు వేసి బయటికి నడిపిస్తున్నారు. ఫైలు పంపకపోయినా ప్లాన్ దొంగిలించింది నిజం. ఆ కేసులో లోపలికి పోయినవాడు నల్లజుట్టుతో బయటికి రావడం కష్టం. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే వెంకాయమ్మకి తెలిసిపోయింది. గోడ పట్టుకుని లేచింది.

"ఆగండయ్యా. వీణ్ణి ఒక ఫోటో తియ్యండి. ఈసారి పోయేవాడిదే తియ్యండి."

ఆపరేషన్‌లో ముద్దాయి ఫోటో ఇంటివాళ్ళకి ఇవ్వకూడదు. రూల్. ఆదాం బేడీలు విప్పించి, సాయిగణేష్‌ని వేపచెట్టు కింద నిలబెట్టి, తన ఫోన్‌తో తీశాడు. "నవ్వరా," అంది వెంకాయమ్మ. వాడి వల్ల కాలేదు.

* * *

"ఆపరేషన్ సక్సెస్ అని రాశాను," అంది సర్దార్‌బీ, చీరల కొట్టు వెనక గదిలో. "మెరిడియన్ బాస్ దొరకలేదు. భవ్య నోరు విప్పడంలేదు. అయినా సక్సెసే. ఆ కుర్రాడి ఫోటో డిలీట్ చేశావా?"

"చేశానండి."

మర్నాడు ప్రత్తిపాడులో ఒక స్టూడియోలో ఆ ఫోటో ప్రింటు తీయించాడు. కొంచెం తెల్లగా చేసి, వెనకాల పూలతోట పెడతానన్నాడు స్టూడియో అతను. ఏమీ చెయ్యొద్దని గట్టిగా చెప్పాడు ఆదాం.

వెంకాయమ్మ ఫోటో అందుకుని చాలాసేపు చూసింది. వేలితో కళ్ళు, ముక్కు, గడ్డం తడిమింది. బాబాయి పక్కన మేకుకి తగిలించింది. తర్వాత అతని వైపు తిరిగింది.

"అంతా బాగానే ఉందిగానీ, వచ్చిన పని మాత్రం చెయ్యకుండా పోయావేందయ్యా! ఆ బొమ్మ ఇంకా రావట్లా."

ఒకప్పుడు అణుబాంబు వైరు కత్తిరించిన చేతులు డిష్ కేబుల్ అతకడానికి మధ్యాహ్నమంతా తంటాలుపడ్డాయి. చివరికి బొమ్మ వచ్చింది. రంగురంగుల సిపాయిలు, ఒకరి వెనక ఒకరు. ఆదాం ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాడు. ఒక్కొక్క ముఖమే చూశాడు. మూడో ముఖం దగ్గరే అతని కళ్ళు ఇక చూడలేక వాలిపోయాయి. వెంకాయమ్మ మాత్రం రెప్ప వెయ్యలేదు.

టీవీ చూడటం వచ్చా అని సర్దార్‌బీ గారు ఇప్పుడడిగితే, రాదండి అని చెప్పేవాడు.