గాజు పగిలితే బయటికి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు పడగొడుతూ అందులోనే ఉండి చూడు అని మాత్రం ఏ పెద్దా అనలేదు. అనే ధైర్యం చాలి ఉండదు.

ఆ ధైర్యం చేసింది బ్రేకు మాస్టారు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతారు. నేర్చుకునేవాళ్ల పుణ్యమా అని, ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది.

"వంటగదీ వెనక గదీ పడగొట్టి కట్టేదాకా నడిమి గదిలో సర్దుకుందాం. సొంతిల్లు పెట్టుకుని పరాయి పంచన పడటమెందుకు? హాయిగా ఇక్కడే ఉందాం" అన్నారు.

అలా మంచాలు, ఫ్రిజ్, టీవీ, ఆయన తల్లి, ఆయన కూతురు అంతా నడిమి గదిలోకి చేరారు. గది నిండిపోవడంతో హాయికి చోటు చాలక అది బయటే ఉండిపోయింది.

కూతురిది కస్టమర్ కేర్ ఉద్యోగం. ఇంట్లోనే కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, రోజంతా జనానికి "కంగారు పడకండి" అని చెబుతుంది. చెప్పేది ధైర్యం, పడేది కంగారు. చిన్నప్పుడొకసారి మంచినీళ్లకని లేచి వెళ్లి వచ్చేసరికి, అప్పటిదాకా తన తల ఉన్న దిండు మీద పైకప్పు పెచ్చు ఒకటి పళ్లెమంత ఊడిపడి ఉంది. ఆ పెచ్చు పెట్టిన పిచ్చి ఇంకా వదల్లేదు. ఏ గదిలో కూర్చోవాలన్నా ముందు తలెత్తి కప్పు చూస్తుంది. ఇంటర్వ్యూలోనూ అలాగే చూస్తే, ఈ అమ్మాయి చూపు పైనే ఉంది, పైకొస్తుంది అని ఉద్యోగం ఇచ్చేశారు.

పని మొదలైన తొలిరోజుల్లో ఒకనాడు ఆమె లైన్లో ఉంది.

"కంగారు పడకండి సార్. మీ సమస్య మాకు అర్థమైంది."

ఆ మాట పూర్తయిందో లేదో ఎదురుగోడలోంచి ఒక ఇటుక జారి దభీమని ఆమె కాళ్ల ముందు పడింది. ఆ కన్నంలోంచి సున్నం కొట్టినంత తెల్లటి మొహం ఒకటి తొంగిచూసింది.

ఆమె కెవ్వుమంది.

"మేడం, ఏమైంది? పోలీసులకి ఫోన్ చెయ్యనా?" అన్నాడు లైన్లోని కస్టమర్, తన సమస్య మర్చిపోయి.

"కంగారు పడకండి" అంది గోడలోని మొహం.

"అది నా డైలాగు" అంది ఆమె. "ఎవరు మీరు?"

"ఇంజనీరునండీ. ఇవాళే ఈ సైటుకొచ్చాను. ఇటుక వదులుగా కనిపిస్తే కదిపి చూశాను. అటువైపు మనుషులుంటారనుకోలేదు."

"మనుషులుండే ఇల్లేనండీ ఇది."

"ఇల్లు పడగొట్టేటప్పుడు ఎవరైనా ఖాళీ చేస్తారు కదా?"

"హాయిగా ఇక్కడే ఉందామన్నారు మా నాన్న."

అతను కన్నంలోంచే గదంతా కలియజూశాడు. మంచం మీద బట్టల గుట్ట. ఫ్రిజ్ మీద టీవీ. టీవీ మీద నాయనమ్మ కళ్లజోడు. కళ్లజోడు కోసం మంచం కింద వెతుకుతున్న నాయనమ్మ.

"హాయిగానే ఉందండీ. కాస్త ఇరుకు హాయి" అన్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. పైకి చూసి, కప్పు క్షేమంగా ఉందని నిర్ధారించుకున్నాక నవ్వింది.

వెనక గోడలు పడ్డాక నడిమి గదిలో వంటగది వైపు గుమ్మం మీద సన్నటి బీట కనిపించింది. గోడకి బీట పడగానే ఆమె గుండెకి బీటు తప్పింది. అదే రోజు ఇంజనీరుని పిలిచి చూపించింది. అతను నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. నిచ్చెనెక్కి, వేలంత గాజుముక్క ఒకటి బీటకి అడ్డంగా పెట్టి, రెండు చివర్లా సిమెంటుతో అతికించాడు.

"గోడ కదలకపోతే గాజు ఇలాగే ఉంటుంది. వెంట్రుకవాసి కదిలినా పగులుతుంది. పగిలితే ముందు మీరంతా బయటికి. ఫోను తరవాత. ఏదీ, ఒకసారి చెప్పండి."

"ముందు బయటికి. ఫోను తరవాత" అంది స్కూలు పిల్లలా. "మీకు భయం వెయ్యదా?"

"భయం వెయ్యనివాడు కట్టిన ఇంట్లో మీరెప్పుడూ ఉండకండి."

వంటగది వైపు దూలం కింద బరువు మోయడానికి ఇనుప జాకీలు నిలబెట్టించాడు. రోజూ సాయంత్రం గాజు చూడటానికి వచ్చేవాడు. వేలంత గాజుకి చూపు సరిపోయేది, చూడటానికే సమయం సరిపోయేది కాదు.

"ఇంత చిన్న గాజు చూడటానికి ఇంతసేపా?" అనేది ఆమె.

"గాజు చిన్నదేనండీ. బాధ్యత పెద్దది."

"మరి బాధ్యత అక్కడుంటే మీరు ఇటు చూస్తారేం?"

"బాధ్యత ఎవరి గురించో వాళ్లని చూడాలి కదండీ."

పగలంతా పగుళ్ల భయం. సాయంత్రం ఆ కాసేపు మాత్రం ఆమె తలెత్తి కప్పు చూడటం మర్చిపోయేది.

అలాంటి ఒక సాయంత్రం అతను రాలేదు. మర్నాడు కూడా రాలేదు. ఆ రోజు వాన పడుతుండగా ఆమె తలెత్తి చూస్తే గాజు రెండు ముక్కలై ఉంది.

ముందు బయటికి, ఫోను తరవాత. అతను తడిసి ముద్దై, తలకి ఒక హెల్మెట్, చేతిలో ఇంకొకటి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. రెండోది తనే ఆమె తలకి పెట్టి పట్టీ బిగించాడు. తర్వాత నిచ్చెనెక్కాడు. చాలాసేపు దిగలేదు.

గాజు పక్కనే, గోడ మీద, గుండ్రటి నల్లటి రబ్బరు ముద్ర ఉంది. నాయనమ్మ చేతికర్ర కిందుండే రబ్బరు బిళ్ల అంత.

దిగివచ్చి మెల్లగా అన్నాడు. "పక్క సైట్లో స్లాబు పని, అందుకే రాలేకపోయాను. పిలిస్తే ఊరికే కూడా వస్తానండీ. దీన్ని మాత్రం పగలగొట్టకండి. ఇంకోసారి పగిలితే ఇది నిజమా కాదా అని నేను ఆగే ఆ ఒక్క క్షణంలో..."

కొత్త గాజు అతికించి వెళ్లిపోయాడు.

"నాయనమ్మా, ఎంత పని చేశావు" అంది ఆమె, మొహం కందిపోయి.

"రెండ్రోజుల నుంచి నువ్వు గుమ్మం వైపు చూసే చూపు చూడలేక పొడిచానే" అంది ముసలావిడ. "ఇంతకీ వచ్చాడా లేదా?"

"నేనే చేశాననుకుని వెళ్లాడు."

ఆ మర్నాటి నుంచి గాజు చూడటానికి మేస్త్రి వచ్చేవాడు. మేస్త్రికి గాజు చూడటానికి ఒక్క నిమిషం పట్టేది.

మళ్లీ వాన పట్టుకుంది, మూడుపూటలా వదల్లేదు. కప్పు లేని వంటగదిలో నీళ్లు నిలిచాయి. వాన ఉన్నంతసేపూ పని లేదు, డ్రిల్లు మోత లేదు. ఆ నిశ్శబ్దానికే ఆమెకి ఎక్కువ భయమేసింది. మోత ఉంటే గోడ మాట వినిపించదు. ఇప్పుడు ప్రతి చిటుకూ వినిపిస్తోంది.

మధ్యాహ్నం వేళ. మోత లేకపోయినా అలవాటుకొద్దీ బ్రేకు మాస్టారు చెవుల్లో దూది పెట్టుకుని మంచం మీద నిద్రపోతున్నారు. ఆమె లైన్లో ఎవరికో ధైర్యం చెబుతోంది. టిక్ మని చిన్న చప్పుడు.

తలెత్తింది. గాజు పగిలింది.

"నాయనమ్మా, మళ్లీనా?"

"నేను కాదే. కర్ర అదిగో, తలుపు వెనకుంది."

నమ్మలేదు. నమ్మితే ఫోన్ చెయ్యాలి. చేస్తే, మళ్లీ అదే మాట అనుకుంటాడు. సిగ్గు ఒక పక్క, భయం ఒక పక్క ఆమెని చెరో చెయ్యీ పట్టుకు లాగాయి. కర్ర తీసి చూద్దామని వంటగది వైపు తలుపు లాగింది. రోజూ ఊదితే ఊగే తలుపు, బిగుసుకుపోయి కదల్లేదు. గుమ్మం దాని నెత్తిన కూర్చుంది. గాజు చుట్టూ ఎక్కడా రబ్బరు ముద్ర లేదు.

హెడ్‌సెట్ లాగి పడేసింది. "సార్, మీ సమస్య కన్నా మా సమస్య పెద్దది" అన్న మాట ఆ కస్టమర్‌కి ఎంతవరకు వినిపించిందో తెలియదు. నాయనమ్మని రెక్క పట్టుకుని వీధి గుమ్మంలోంచి బయటికి తెచ్చి అరుగు దింపింది.

"వాడేడే?" అంది నాయనమ్మ.

నాన్న లోపలే ఉన్నాడు. చెవుల్లో దూదితో.

జీవితంలో మొదటిసారి ఆమె తలెత్తి చూడకుండా గదిలోకి వెళ్లింది. చూస్తే కాళ్లు ఆడవని తెలుసు. పిలిస్తే వినడు కాబట్టి దుప్పటితో సహా లాగింది. ఆయన కలలో ఎవరికో కారు నేర్పుతున్నట్టున్నాడు, "బ్రేక్, బ్రేక్" అంటూ లేచాడు.

"బ్రేకు కాదు నాన్నా, ఈసారికి పరుగు."

రోడ్డు మీదికొచ్చాక ఫోన్ చేసింది. ఒక్క రింగు.

"పగిలిందా?" అన్నాడు.

"పగిలింది. ఈసారి కర్ర కాదు. నన్ను నమ్మకపోయినా..."

"అంతా బయటే ఉన్నారా?"

"ఉన్నాం. మీరెక్కడున్నారు?"

"ఎదురుగా చూడండి."

రోడ్డుకి అవతల మందుల షాపు రేకు కింద అతనూ, మేస్త్రీ నిలబడి ఉన్నారు. ఫోన్ జేబులో పడేసుకుని దాటి వచ్చాడు. "వాన మొదలైన దగ్గర్నుంచి ఇక్కడే ఉన్నానండీ. అన్ని మాటలన్నాక లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. వంటగదిలో నేల నాని జాకీ దిగబడినట్టుంది. ఇంకోటి పెట్టాలి, ఇప్పుడే."

"మీరు వెళ్లకండి."

"వెళ్లకపోతే మీ నడిమి గది పోతుంది."

"పోతే పోనివ్వండి. గది మళ్లీ కట్టుకోవచ్చు."

అతను ఆగాడు. "మళ్లీ కట్టుకోలేనిదేదైనా ఉందంటే చెప్పండి. నేనూ ఆగిపోతాను."

రోజంతా మాట్లాడటమే ఉద్యోగమైన పిల్లకి ఆ క్షణాన నోట్లోంచి ఒక్క మాట ఊడిపడలేదు. అతను పక్కసందులోంచి వంటగది వైపు వెళ్లాడు. మేస్త్రి జాకీ భుజాన వేసుకుని వెనకే నడిచాడు.

ఇనుము మీద ఇనుము మోగింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. ఆ తర్వాత ఏదో పెళ్లున విరిగి పడింది. కిటికీలోంచి తెల్లటి దుమ్ము బుస్సుమని బయటికొచ్చింది. ఆపైన ఏ చప్పుడూ లేదు. వాన కూడా గొంతు తగ్గించినట్టయింది. రోడ్డు మీద నిలబడ్డ బ్రేకు మాస్టారి కుడికాలు నేలని గట్టిగా తొక్కిపట్టింది, లోకాన్ని అక్కడే ఆపేయాలన్నట్టు.

ఆమె చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది. కాల్ కట్ కాలేదు. చెవికి ఆనించుకుంది.

"వినిపిస్తోందా? మీరే. మళ్లీ కట్టుకోలేనిది మీరే. నాకు భయంగా ఉంది, బయటికి రండి. ముందు బయటికి. మిగతావన్నీ తరవాత."

అటునుంచి ఏమీ లేదు. ఆమె కళ్లలో నీళ్లు వానలో కలిసిపోయాయి. తర్వాత ఒక దగ్గు. ఇంకో దగ్గు.

"కంగారు పడకండి మేడం" అంది దుమ్ము పట్టిన గొంతు. "మీ సమస్య మాకు అర్థమైంది. మాదీ అదే సమస్య."

ఊడింది పెచ్చే. దూలం నిలిచింది. సందులోంచి నడిచొచ్చిన అతని మొహం, మొదటిరోజు కన్నంలోంచి చూసినట్టే, తెల్లగా ఉంది. ఈసారి ఆమె కెవ్వుమనలేదు. అతని తల మీది హెల్మెట్ తీసి, చున్నీతో ఆ మొహం తుడవడం మొదలుపెట్టింది. నడిరోడ్డని, నాన్న చూస్తున్నాడని గుర్తొచ్చేసరికి సగం మొహం తుడిచేసింది.

బ్రేకు మాస్టారు ఇద్దరినీ చూశారు. తల్లిని చూశారు. చెవుల్లోంచి దూది తీసి జేబులో వేసుకున్నారు.

"నేను ప్రతిదానికీ బ్రేకు వేసే మనిషిని బాబూ" అన్నారు. "దీనికి మాత్రం కాలు తీసేస్తున్నాను. నెమ్మదిగా పోనివ్వండి."

ఇల్లు పూర్తయింది. బీట పూడ్చి, రంగులు వేసే రోజున, గుమ్మం మీద చివరగా అతికించిన గాజుముక్కని పీకేయబోయాడు పెయింటరు. అది ఇంతవరకూ పగలలేదు. ఆ గుమ్మం ఇంక కదిలేది కాదు.

"దాని జోలికి పోకు నాయనా, ఉండనీ" అంది నాయనమ్మ.

"ఇంకెందుకు బామ్మగారూ? గోడ గట్టిగా ఉంది కదా."

"గోడ కోసం కాదు" అంది ముసలావిడ, కర్ర తీసి దగ్గర పెట్టుకుంటూ. "మనవరాలికి కాబోయే మొగుడు ఏ రోజైనా ఆలస్యంగా వస్తే పనికొస్తుంది."