కంట్రోల్ నాది

రాత్రంతా ఎగిరి పొద్దున్నే దిగినవాళ్ళకి ఎంత మంచి హోటలైనా ఒక్కటే. తాళం, మంచం, చీకటి. పెట్టెల చక్రాలు గరగరలాడించుకుంటూ విమాన సిబ్బంది రిసెప్షన్ ముందు చేరారు. సాయంత్రం మళ్ళీ అదే విమానంలో తిరుగు ప్రయాణం. ఆలోపు పట్టినంత నిద్ర పట్టినట్టు.

కో-పైలట్‌ని అందరూ టీచరమ్మ అంటారు. ఏదైనా రెండోసారి సరిచూడందే ఆమెకు తోచదు. కెప్టెన్‌ని మామయ్య అంటారు. ఆయన ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు.

"టీచరమ్మకి ఎల్లుండే కదా కమాండ్ చెక్," అంది క్యాబిన్ సీనియర్, రిజిస్టర్లో సంతకం గీకుతూ. "కెప్టెనయ్యాక మాకు పార్టీ ఇస్తారా, హోంవర్క్ ఇస్తారా?"

"ముందు డ్యూటీలు వేసే రోస్టర్ వాళ్ళు ఆ పరీక్ష జరగనివ్వాలిగా. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు. ఈసారి నావైపు నుంచి చిన్న వంక దొరికినా, ఇక వచ్చే ఏడాదే."

"వాళ్ళకేం, ఇంటికెళ్ళి నిద్రపోతారు. అందుకే మనల్ని పోనివ్వరు."

"నిద్రంటే ఏమిటమ్మా? ఎక్కడో విన్నట్టుంది," అన్నాడు మామయ్య.

అందరూ నవ్వారు. ఆయన నిద్రపోడన్న సంగతి ఉద్యోగంలో చేరిన తొలి వారంలోనే ఎవరికైనా తెలిసిపోతుంది. ఏ ఊళ్ళో ఏ హోటల్లో దిగినా వరండాలో ఆయన చెప్పుల చప్పుడు వినబడుతూనే ఉంటుంది. విమానంలో ఒక పైలట్ మెలకువగా ఉంటే రెండోవాళ్ళు కాసేపు కునుకు తీయడానికి రూలు ఒప్పుకుంటుంది. ఆయన మాత్రం ఎన్నడూ తీయలేదు. మనిషి గట్టివాడే గానీ, కళ్ళు ఎప్పుడూ ఉడకబెట్టినట్టుంటాయి.

ఆవేళ ఆయన కౌంటర్ మీదికి వంగి, "మా ఇద్దరికీ పక్కపక్క గదులివ్వండి. మధ్యలో తలుపున్నవి," అన్నాడు.

సీనియర్ కనుబొమలెగరేసింది. "మామయ్యా, పోతూ పోతూ ఇదేం సరదా?"

"నోర్ముయ్యవే. పరీక్ష రాయబోయే పిల్ల సాయంత్రం లేవకపోతే తలుపు బాదేదెవరు?"

టీచరమ్మకి అందులో వింతేం కనబడలేదు. తనకొచ్చిన విద్యలో సగం ఆయన నేర్పిందే.

గదిలోకి వెళ్ళి అలవాటు పనులన్నీ వరసగా చేసింది. ప్యాంటు తగిలించే హ్యాంగర్ క్లిప్పులతో కిటికీ తెరలు రెండూ కలిపి బిగించింది, సూదిమొనంత వెలుతురు కూడా రాకుండా. గోడలో ఉన్న చిన్న లాకర్లో పాస్‌పోర్టు పెట్టి, దాని పక్కనే ఒక బూటు పెట్టింది. రెండో బూటు కోసం వెతికితేనైనా పాస్‌పోర్టు గుర్తొస్తుందని. మంచం పక్కన గ్లాసుతో నీళ్ళు. బయటి తలుపుకి గొలుసు. మధ్య తలుపు గడియ చూసింది, రెండోసారి కూడా చూసింది. వేసే ఉంది.

ఇంటికి ఫోన్ చేస్తే మొగుడు ఎత్తాడు.

"చిన్నదానికి జ్వరం తగ్గిందా?"

"తగ్గింది. మా అమ్మతో కలిసి కార్టూన్లు చూస్తోంది. ఎవరు ఎవరికి తోడో తెలీట్లేదు. నువ్వు పడుకో తల్లీ."

పడుకుంది. బయట పట్టపగలు. లోపల బొగ్గుగనిలా చీకటి. ఏసీ సన్నగా గురక పెడుతోంది. ఒళ్ళు బరువెక్కి, మెలకువకీ నిద్రకీ మధ్యనుండే ఆ మెత్తటి చోటుకి జారింది.

ఎవరో గొంతు సవరించుకున్నారు. రెండుసార్లు.

"కంట్రోల్ నీది."

విమానం ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి మారేటప్పుడు ఈ మాట చెప్పి తీరాలి. రెండోవాళ్ళు 'కంట్రోల్ నాది' అని బదులివ్వాలి. ఆ బదులు వినబడేదాకా మొదటివాళ్ళు చేతులు తీయకూడదు. ట్రైనింగ్ మొదలైన రోజునుంచీ వేలసార్లు అని అని, అది ఆలోచనతో పనిలేని మాటైపోతుంది. తుమ్మినంత సులువుగా వచ్చేస్తుంది.

"కంట్రోల్ నాది," అంది టీచరమ్మ, కళ్ళు తెరవకుండానే.

తన గొంతు తనకే వినబడి మెలకువొచ్చింది. నిద్రలో కూడా డ్యూటీయేనా అని నవ్వుకుంది. నవ్వు పూర్తి కాలేదు.

అరచేతుల్లో ఏదో లాగుతోంది.

గట్టిగా కాదు. గాలిలో ఉన్న విమానం చేతుల్ని లాగినట్టే… కాస్త ఎడమకి, కాస్త కిందికి. చేతుల్లో ఏమీ లేదు. పిడికిళ్ళు బిగించి దుప్పటి కింద దాచుకుంది. కళ్ళు మూసుకుంది.

మంచం ఒరిగింది.

దీపం వేసింది. మంచం సరిగ్గానే ఉంది. గ్లాసూ నిలబడే ఉంది. గ్లాసులో నీళ్ళు మాత్రం ఏటవాలుగా ఉన్నాయి, ఎడమవైపు అంచుదాకా. చేతులు వాటంతటవే కుడికి తిరిగాయి. నీళ్ళు మెల్లగా మట్టానికి వచ్చాయి.

అప్పుడు వాసన వచ్చింది. మాడిన కాఫీ, పాత సీట్ల గుడ్డ, చాలామంది ఊపిరి. ఎక్కడో దూరంగా టింగుమని బెల్టు గంట. ట్రాలీలో సీసాలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. వాటన్నిటి వెనక, మూసిన తలుపు అవతల, ఒక చంటిపిల్ల ఏడుపు.

ఆగకుండా… అలవాటైపోయినట్టు ఏడుస్తోంది.

'కంట్రోల్ నీది' అన్న మాట ఎటునుంచి వచ్చిందో చూడటానికి లేచింది. మధ్య తలుపు గడియ వేసే ఉంది. తలుపు కింద సందుంది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ సందు దగ్గర చెవి పెట్టింది.

అవతల మామయ్య గురక పెడుతున్నాడు. ఎన్నేళ్ళదో నిద్ర… అంతా ఒక్కసారి తీర్చుకుంటున్నట్టు.

ఆమె మంచం అంచున కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. రెప్ప పడితే నీళ్ళు ఒరుగుతున్నాయి. అవి ఒరిగితే ఏడుపు పెద్దదవుతోంది, ఇంకొన్ని గొంతులు లేస్తున్నాయి. లేచి నడిచింది. మొహం కడుక్కుంది. మళ్ళీ కూర్చుంది. చేతులు మాత్రం ఆ లాగుడిని సరిదిద్దుతూనే ఉన్నాయి.

ఒకసారి డ్యూటీ ఆఫీసుకి ఫోన్ కలిపింది. నిద్రలేదు, నడపలేను అని చెబితే చాలు, ఎవరూ తప్పుపట్టరు. కాకపోతే ఎల్లుండి పరీక్ష పోతుంది. తర్వాత డాక్టర్ పిలుస్తాడు. ఏం వినబడింది అని అడుగుతాడు. చెప్పిన రోజే లైసెన్స్ కూడా పోతుంది.

"చెప్పండి మేడమ్," అన్నాడు అవతలి కుర్రాడు.

"ఏంలేదు. వ్యాన్ ఎన్నింటికో కనుక్కుందామని."

మామయ్య వ్యాన్ దగ్గరికి ఆలస్యంగా వచ్చాడు. ఎన్నడూ లేనిది. చెంప మీద దిండు ముడతల అచ్చు. కళ్ళు తెల్లగా, కడిగినట్టున్నాయి. సీనియర్ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఎవరండీ మీరు, మా మామయ్యేడీ?" అంది. ఆయన నవ్వాడు గానీ టీచరమ్మ వైపు చూడలేదు.

"ఈ పూట మొత్తం నువ్వే నడుపు అమ్మాయ్," అన్నాడు కిటికీలోకి చూస్తూ. "పరీక్షకి సాధన."

విమానం పైకెక్కి నిలకడగా సాగుతుండగానే ఆయన తల వాలిపోయింది. బయట సూర్యుడు దిగుతున్నాడు. ఆటోపైలట్ తన పని తాను చేసుకుపోతోంది. పక్కనున్న సీసాలో నీళ్ళు మట్టంగా ఉన్నాయి, ఆమె మెలకువగా ఉన్నంతసేపూ.

ఏడుపు ఇప్పుడు దూరంగా లేదు. కాక్‌పిట్ తలుపు అవతలే ఉంది.

ఆమె క్యాబిన్ ఫోన్ తీసింది. "ఎవరిదో చంటిపిల్ల… ముందుకి తెచ్చారా?"

"చంటిపిల్లలా? ఈవేళ ఒక్కరూ లేరు మేడమ్," అంది సీనియర్. "అందుకే మాకింత సుఖంగా ఉంది."

తలుపు మీద చప్పుడైంది. తట్టినట్టు కాదు, అరచేత్తో మెత్తగా కొట్టినట్టు. కింద… మోకాలెత్తులో.

మామయ్య భుజం పట్టి కుదిపింది.

"కంట్రోల్ మీది," అంది గుసగుసగా.

ఆయన కళ్ళు తెరిచాడు. ఆమె చేతుల్ని చూశాడు. పెదవులు బిగించి, తల కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

"మామయ్యా… కంట్రోల్ మీది."

బదులు లేదు. బదులు రానిదే చేతులు తీయకూడదు.

దించింది ఆమే. ఆయన కాగితాలు చదివాడు, రేడియోలో మాట్లాడాడు, నడిపే కర్రని మాత్రం వేలితో కూడా తాకలేదు. ప్రయాణికులు దిగిపోయారు. చక్రాలకి అడ్డంగా దిమ్మలు పెట్టారు. ఇంజన్లు ఆగాక వచ్చే నిశ్శబ్దంలో ఆయన టోపీ తీసుకుని లేచాడు.

"ఆ పిల్ల ఇంకా ఏడుస్తోందా?" అన్నాడు.

ఆమె ఎవరికీ చెప్పలేదు, సీనియర్‌తో అన్న ఆ ఒక్క మాట తప్ప. అప్పుడు ఆయన గురక పెడుతున్నాడు.

"ఏమిటది మామయ్యా? ఎవరు వాళ్ళు?"

"నాకిచ్చి పోయినాయనకీ తెలీదు. దిగని విమానం ఏదో ఉంది. ఎవరో ఒకరు మెలకువగా ఉండి పట్టుకోవాలి. నావల్ల కాలేదమ్మా, ఇక నావల్ల కాలేదు." గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు. "కమాండ్ వస్తే నీ పక్క సీట్లో రోజుకో కొత్త కుర్రాడు కూర్చుంటాడు. వాళ్ళలో ఒకడికి అప్పగించేదాకా ఓర్చుకో. ఏడుపు వినబడినంతసేపూ భయంలేదు. అందరూ ఉన్నట్టే."

"ఇప్పుడు వినబడటం లేదు."

ఆయన తలుపు పట్టుకుని ఆగిపోయాడు.

"ఎప్పట్నుంచి?"

"చక్రాలు నేలకి తగిలినప్పట్నుంచి."

మామయ్య మొహంలో రంగు పోయింది. గబగబా మెట్లు దిగిపోయాడు. పెట్టె కూడా తీసుకోలేదు.

టీచరమ్మ కిటికీలోంచి కిందికి చూసింది. దీపాల వెలుగులో బస్సు. దాని పక్కన క్యాబిన్ సిబ్బంది అంతా ఉన్నారు. సీనియర్ తలెత్తి చూస్తూ, రమ్మని చెయ్యి ఊపుతోంది.

వెనక ఖాళీ క్యాబిన్లో టింగుమని మోగింది. ఫోన్ దీపం వెలిగింది.

ఎత్తకూడదని ఆమెకు తెలుసు. చేతికి తెలీదు. మోగితే ఎత్తడం దాని అలవాటు.

"క్యాబిన్ సిద్ధం, కెప్టెన్," అంది ఒక ఆడగొంతు, గుసగుసగా, చాలా అలసటగా. ఆమెను కెప్టెన్ అని పిలవడం అదే మొదటిసారి. "పాప నిద్రపోయింది. ఇక మమ్మల్ని దించండి."

ఆపి ఉన్న విమానంలో, పక్కనున్న సీసాలో, నీళ్ళు మెల్లగా ముందుకి వాలాయి.